గెనుసుగడ్డ మీదికి ఏది కుదిరింది: బసవనగుడిలో కొన్నవన్నీ వేసి చూశాక

మా అమ్మకు కింది పళ్ళు నాలుగే మిగిలాయి. పోయిన కార్తీకమాసంలో మదనపల్లె నుంచి బెంగళూరుకు, బసవనగుడిలో మా ఇంటికి వచ్చినప్పుడు రాత్రి తిండి పెద్ద టెన్షన్ అయింది. రొట్టె నమల్లేదు. రాత్రిపూట అన్నం వద్దంటుంది. సంగటి మధ్యాహ్నం ఒక పూట చాలంటుంది. ఆ రోజుల్లో గాంధీ బజారులో గెనుసుగడ్డలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఓవెన్‌లో మెత్తగా కాల్చి పెడితే చెంచాతోనే తినేయొచ్చు కదా అని తెచ్చాను. మొదటి రోజు పైన నెయ్యి వేసి ఇచ్చాను. నాలుగు చెంచాలు తిని పళ్ళెం పక్కన పెట్టేసింది.

"బాగానే ఉండాది మే. కానీ రాత్రిపూట పాయసం తాగి పండుకున్నట్టు ఉంటాది," అంది.

అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. ఊళ్ళో నీళ్ళపొయ్యి నిప్పుల్లో గడ్డలు పూడ్చిపెట్టేవాళ్ళం. మేం పిల్లలం ఉత్తివే తినేవాళ్ళం. నాన్న మాత్రం తోలు తీసి, కాస్త ఉప్పు అద్దుకుని, ఒక్కో ముక్కకు ఒకసారి పచ్చిమిరపకాయ కొరికేవాడు. ఆయన రాత్రి భోజనం చాలాసార్లు అదే. తీపి గడ్డను భోజనంగా చేసే దారి మా ఇంట్లో ఎప్పటినుంచో ఉందన్నమాట, నేనే పట్టించుకోలేదు.

అక్కడినుంచి సంక్రాంతి దాటేవరకు, వారానికి మూడు సార్లయినా, కాల్చిన గెనుసుగడ్డ మీద ఉప్పూ పులుపూ కారం ఉన్నవి ఏదో ఒకటి వేసి చూస్తూ వచ్చాను. దాదాపు అన్నీ ఇంటినుంచి నడిచి వెళ్ళి కొన్నవే. చిలగడదుంప అన్నా, కందగడ్డ అన్నా, మొరంగడ్డ అన్నా ఇదే. ఇక్కడ కన్నడంలో గెణసు అంటారు. నాకు అలవాటైన మాటే రాస్తున్నాను.

ముందు గడ్డ సంగతి. గాంధీ బజారులో నేను చూసినవి రెండు రకాలు. ఎప్పుడూ దొరికేది పైన ఎర్రతోలు, లోపల తెలుపు. కాలిస్తే పిండిపిండిగా, ఉడికిన పెండలంలా ఉంటుంది. రెండోది లోపల నారింజ రంగులో ఉంటుంది. అన్ని రోజులూ రాదు. కాలిస్తే తడిగా, హల్వాలా జారుతుంది. మొన్నటి సీజన్‌లో నేను తెల్లది కిలో 50కి, నారింజది 80కి కొన్నాను. ఈ తేడా తెలియక మొదట్లో చాలా పాడు చేశాను. పిండిగా ఉన్నదాని మీద పొడి వేస్తే గొంతు పట్టుకుంటుంది. తడిగా ఉన్నదాని మీద రసం ఉన్న కూర వేస్తే మొత్తం గుజ్జయిపోతుంది. పైన ఏం వేయాలన్నది గడ్డను కోసి చూశాకే నిర్ణయించాలి.

నాకు గడ్డలు అమ్మే అజ్జి (అవ్వ) కోలారు వైపు ఆవిడ, తెలుగే మాట్లాడుతుంది. ఏరడం ఆమే నేర్పింది. గోటితో గిచ్చితే పాలు కారాలి, అది తాజా గడ్డ. లావుగా గుండ్రంగా ఉన్నవి కాదు, సన్నగా పొడుగ్గా, ఒక్కోటి పావుకిలోకు మించనివి తీసుకోవాలి. లావువి బయట మాడేసరికి లోపల ఇంకా గట్టిగానే ఉంటాయి. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టొద్దు. 12 డిగ్రీల కంటే చల్లటి చోట రోజుల తరబడి ఉంటే గడ్డ నడిమి భాగం బిగుసుకుపోతుంది, తర్వాత ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. గాలి తగిలే బుట్టలో బయటే ఉంచాలి.

నవంబరులో ఒక కెఫేలో 340 రూపాయలు పెట్టి చీజ్ వేసిన గెనుసుగడ్డ తెప్పించుకున్నాను. చెంచా నడుమ దాకా వెళ్ళి ఆగిపోయింది, లోపల కర్రముక్కలా ఉంది. తోలు తడిగా, ముడతలు పడి ఉంది. మైక్రోవేవ్‌లో వేడిచేశారని తెలిసిపోయింది. పైన కరిగిన చీజ్, సోర్ క్రీమ్, పండుమిరప ముక్కలు చూడ్డానికి బాగున్నాయి. కానీ గడ్డే సరిగా కాలనప్పుడు పైన ఎంత ఖరీదైనది వేసినా లాభం లేదు. బిల్లు కట్టి వచ్చేశాను. చెప్తే వేరేది ఇచ్చేవాళ్ళేమో, ఆ రోజు నాకు చెప్పాలనిపించలేదు.

కాల్చే పద్ధతి ఎందుకు ముఖ్యమో తర్వాత చదివి తెలుసుకున్నాను. గెనుసుగడ్డలో ఉండే ఒక ఎంజైమ్ పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. దాదాపు 60 నుంచి 75 డిగ్రీల వేడిలో అది చురుగ్గా పనిచేస్తుంది. నెమ్మదిగా వేడెక్కే గడ్డకు ఆ దశలో ఎక్కువసేపు దొరుకుతుంది, అందుకే తీపెక్కుతుంది. మైక్రోవేవ్‌లో ఆ దశ రెండు మూడు నిమిషాల్లో దాటిపోతుంది. అమ్మకు తీపి వద్దు కాబట్టి మైక్రోవేవే మేలు కదా అని ఒకరోజు అలా కూడా చేశాను. తీపి తగ్గిన మాట నిజమే, దాంతోపాటు కాలిన వాసన, ఆ మెత్తదనం కూడా పోయాయి. ఉత్త ఉడికిన పిండి మిగిలింది. తీపిని తగ్గించుకుంటే లాభం లేదు, దానికి ఎదురు నిలిచేది పక్కన పెట్టుకోవాలి అని నాకు ఆ రోజే అర్థమైంది. నాన్న పచ్చిమిరపకాయ చేసిన పని అదే.

ఇప్పుడు నేను చేసేది ఇది. మట్టి పోయేలా కడిగి, తుడిచి, ఫోర్కుతో నాలుగు పోట్లు పొడిచి, వేడిచేయని ఓటీజీలోనే పెట్టి 200 డిగ్రీలకు తిప్పుతాను. ఫాయిల్ చుట్టను, చుడితే ఆవిరికి తోలు నానిపోతుంది. దాదాపు గంట పడుతుంది. కొనల దగ్గర తేనెలాంటి పాకం కారి నల్లబడితే అయినట్టు. ఆ పాకం మాడి అంటుకుంటుంది కాబట్టి కింద ట్రే తప్పనిసరి. బయటికి తీసి ఐదు నిమిషాలు ఆగి, పొడుగునా చీల్చి, రెండు వైపులా నొక్కితే లోపలి గుజ్జు పైకి లేస్తుంది. చిటికెడు ఉప్పు ఆ గుజ్జులోనే కలపాలి. పైన వేసినదానికి ఎంత ఉప్పున్నా, లోపల ఉప్పు లేకపోతే రెండూ విడివిడిగా తగులుతాయి.

మొదట గెలిచింది కాంగ్రెస్ కడలేకాయి. బెంగళూరువాళ్ళకు చెప్పక్కర్లేదు. పొట్టు తీసి రెండు బద్దలైన వేయించిన చెనిక్కాయలు, అంటే వేరుశనగలు. వాటికి ఉప్పు, కారం, పసుపు, ఇంగువ, కరివేపాకు పట్టించి ఉంటాయి. వి.వి. పురం వి.బి. బేకరీలో తియ్యటి బన్నును చీల్చి, వెన్న పూసి, ఈ కాంగ్రెస్ నింపి ఇస్తారు. ఒక సాయంత్రం అక్కడ నిలబడి అది తింటుంటే తట్టింది. తియ్యటి మెత్తటి బన్ను, దాని మీద వెన్న, కారపు పప్పు. బన్ను తీసేసి గెనుసుగడ్డ పెడితే లెక్క సరిపోతుంది కదా అని. ఒక పొట్లం కట్టించుకుని ఇంటికొచ్చి అదే రాత్రి చేశాను. నందిని వెన్న ఒక చెంచా, పైన గుప్పెడు కాంగ్రెస్, సన్నగా తరిగిన ఎర్రగడ్డ (ఉల్లిపాయ), కొత్తిమీర, నాలుగు చుక్కల నిమ్మరసం. మా అబ్బాయి రెండో గడ్డ అడిగి వేయించుకున్నాడు. తర్వాత తెలుసుకున్న మెలకువలు రెండు. కాంగ్రెస్‌లోనే ఉప్పు బాగా ఉంటుంది, కాబట్టి ఉప్పులేని వెన్నే వేయాలి. వేడి గుజ్జు మీద పప్పు నాలుగైదు నిమిషాల్లో మెత్తబడిపోతుంది, కాబట్టి పళ్ళెం చేతికిచ్చే ముందే చల్లాలి.

కానీ ఎవరికోసం మొదలుపెట్టానో ఆవిడ దాన్ని నమల్లేదు. రోట్లో రెండు దెబ్బలు వేసి, రవ్వలా నలగ్గొట్టి, వెన్నలో కలిపి పెట్టాను. తినింది, బాగుందంది. కరకర పోయాక అది సగం రుచే అని నాకు తెలుసు.

కార్తీకం చివరి సోమవారం మా ఇంటి దగ్గర్లోనే, దొడ్డ బసవణ్ణ గుడి ముందు కడలేకాయి పరిషె, అంటే చెనిక్కాయల జాతర, జరుగుతుంది. రోడ్డుకు రెండు పక్కలా చెనిక్కాయల గుట్టలే. అమ్మను ఆటోలో తీసుకెళ్ళాను. సేరు కొలతల్లో కొలిచి పోస్తుంటే చూసి చిన్నపిల్లలా మురిసిపోయింది. తెచ్చినవాటిలో సగం వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి, పచ్చి ఎర్రగడ్డ వేసి తనే దగ్గరుండి ఊరిబిండి అనే పచ్చడి నూరించింది. నీళ్ళు తక్కువ, గట్టిగా. తెల్ల గెనుసుగడ్డ గుజ్జులో రెండు చెంచాల ఊరిబిండి, పైన పచ్చి చెనిక్కాయ నూనె ఒక చుట్టు. అమ్మ పూర్తిగా తిన్న మొదటి గడ్డ అదే. కాంగ్రెస్‌లో లేనిది, ఊరిబిండిలో ఉన్నది చింతపండు. గెనుసుగడ్డకు కారం కంటే కూడా పులుపు ముఖ్యమని నేను నేర్చుకున్నది దీంతోనే. మరో సంగతి చెప్పాలనిపిస్తోంది. గెనుసుగడ్డ, మిరపకాయ, చెనిక్కాయ మూడూ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవే. అంత దూరం వచ్చి మా రాయలసీమ రోట్లో ఒకటైపోయాయి.

గోంగూర మా ఆయన పట్టు. వాళ్ళది గుంటూరు. పులుపే కావాలంటే గోంగూర ఉండగా చింతపండు ఎందుకు అని ఆయన వాదన, దాన్ని కాదనలేను. మొదట ఆంధ్రా సరుకుల అంగడిలో సీసా కొన్నాం. నూనె పైకి తేలి, ఉప్పు నాలుకను కోసేసింది. గడ్డ తీపి ఆ ఉప్పు కింద అణిగిపోయింది. ఆ తర్వాత ఆకు తెచ్చి ఇంట్లోనే, ఉప్పు సగం వేసి, పండుమిరపకాయలతో చేశాం. నారింజ గడ్డకు ఇంతకంటే మంచి జోడీ నాకు దొరకలేదు. ఆ గడ్డ తీపి గాఢంగా, కాస్త గుమ్మడికాయ వాసనతో ఉంటుంది, దాన్ని గోంగూర పులుపు నిలువునా చీల్చుకుని వెళ్తుంది. ఒక్క చెంచాకు మించి వేయకూడదు. పైన పచ్చి ఎర్రగడ్డ ముక్కలు, నెయ్యి. నారింజ రంగు బీటా కెరొటిన్ వల్ల వచ్చేది, దాన్ని ఒళ్ళు పట్టించుకోవాలంటే కొంచెం కొవ్వు తోడు కావాలి. నెయ్యి వేయడానికి నాకు ఆ కారణం చాలు.

పెరుగుతో చేసింది ఎండ కాసిన మధ్యాహ్నాలకు. గడ్డపెరుగు గుడ్డలో గంటసేపు వేలాడదీసి, ఉప్పు, ఆవాలు వెల్లుల్లి కరివేపాకు తాలింపు. ఊరమిరపకాయలు నల్లగా వేయించి చేత్తో నలిపి పైన చల్లాలి. వేడి గడ్డ, చల్లటి పెరుగు, మధ్యలో ఆ మాడిన కారం. అమ్మకు బాగా నచ్చింది. రాత్రిళ్ళు చలికి పెరుగు వద్దంది కాబట్టి నాలుగైదు సార్లకు మించి చేయలేదు.

కుదరనివి కూడా చెప్పాలి. పప్పుల పొడి వేశాను, పిండి మీద పిండి. రెండు చెంచాల నెయ్యి పోస్తే గానీ మింగుడు పడలేదు. మా అబ్బాయి కోసం చీజ్ ఇంట్లోనూ వేశాను. కెఫేలో తప్పంతా గడ్డదే అనుకున్నాను, కాదు. చీజ్‌కు ఉప్పు ఉంది, కొవ్వు ఉంది, పులుపు లేదు. చల్లారేకొద్దీ సాగి బరువైపోతుంది. పైన ఆవకాయ ఊట ఒక చుక్క వేస్తే మాత్రం లేచి కూర్చుంది, వాడు ఇప్పుడు అలాగే తింటున్నాడు. ఆదివారం మిరియాలు దండిగా వేసి చేసిన మటన్ కీమా తెల్ల గెనుసుగడ్డకు బాగుంది, నారింజదానికి బాగాలేదు. కోడిగుడ్డు పొరటు పరవాలేదు, హడావుడి రోజుకు.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది పితికిపప్పు గురించి, అంటే నానిన అనపగింజల్ని నొక్కి పొట్టు తీసిన పప్పు.

డిసెంబరు వచ్చేసరికి బెంగళూరంతా అనపకాయలే. ఇక్కడ అవరేకాయి అంటారు. మాగడి వైపు నుంచి వచ్చే కాయలకు పేరు ఎక్కువ. కాయ పట్టుకుంటే వేళ్ళకు జిడ్డుగా ఒక వాసన అంటుకుంటుంది, దాన్ని కన్నడంలో సొగడు అంటారు. అజ్జి కాయను నా ముక్కు దగ్గర పెట్టి "సొగడు చూడమ్మా" అనేది. చలికాలం కాయకే ఆ వాసన. అవరేబేళె మేళా కూడా జనవరి చుట్టుపక్కలే జరుగుతుంది. ఇదివరకు వి.వి. పురం తిండిబీదిలో ఉండేది, ఈమధ్య నేషనల్ కాలేజీ మైదానంలో పెడుతున్నారు. అక్కడ దోసె నుంచి జిలేబీ దాకా అన్నిట్లోనూ ఈ గింజే.

బజారులో పితికిన పప్పు కవర్లలో కట్టి అమ్ముతారు. ఒకసారి తొందరలో కొన్నాను, ఇంటికి వచ్చి విప్పితే పుల్లటి వాసన. పొద్దున్నే పితికి నీళ్ళలో ఉంచినది సాయంత్రానికి అలా అయిపోతుంది. కొనేటట్టయితే ఉదయం తొమ్మిదిలోపు, కవరు విప్పించి వాసన చూసి కొనండి. మాకు ఆ అవసరం మళ్ళీ రాలేదు, ఎందుకంటే అమ్మ ఆ పని తన చేతికి తీసుకుంది. రాత్రి గింజలు నానబెట్టేది. పొద్దున బాల్కనీలో ఎండలో కూర్చుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని, బొటనవేలు చూపుడువేలు మధ్య గింజ నొక్కితే పప్పు టప్పున గిన్నెలో పడేది. పళ్ళు లేకపోతేనేం, ఆ వేళ్ళకు 70 ఏళ్ళయినా వేగం తగ్గలేదు. నేను పది గింజలు పితికేలోపు ఆవిడ గుప్పెడు పితికేది.

కూర మా ఊరి పద్ధతే. ధనియాలు, ఎండుమిరపకాయలు, కొబ్బరి, గసగసాలు, చెక్క, రెండు లవంగాలు, వెల్లుల్లి నూరిన మసాలా. ఎర్రగడ్డ, టమాటా వేగాక పప్పు, మసాలా. అన్నంలోకి చేసేదానికంటే నీళ్ళు బాగా తగ్గించి, చెంచాలో నిలిచేంత చిక్కగా దింపాలి. చివర కాస్త చింతపండు పులుసు. ఇది తెల్ల గెనుసుగడ్డ మీదికే. పిండిగా ఉన్న గుజ్జు ఆ మసాలా రసాన్ని పీల్చుకుంటుంది, పప్పు పైన నిలుస్తుంది. పప్పుకు ఉండే ఆ లేత పసరు వాసన తీపిని ఎక్కడికక్కడ ఆపుతుంది. గడ్డా మెత్తనే, పప్పూ మెత్తనే, అయినా రెండు మెత్తదనాలూ వేరు. పప్పు నాలుక మీద వెన్నలా విడిపోతుంది, గడ్డ పొడిపొడిగా కరుగుతుంది. కరకర లేకపోయినా ఏదో తక్కువైనట్టు అనిపించని ఒకే ఒక్క జోడీ ఇది. అమ్మ ఆ రాత్రి ఏమీ అనకుండా తినింది. తోలు దాకా గీకి తినింది.

పక్కన ఏం పెట్టాలన్నదానికి రెండే చెప్తాను. ఒక గ్లాసు ఉలవల రసం, మిరియాలు వెల్లుల్లి దట్టించి వేడిగా. లేదా ఇక్కడివాళ్ళ కోసంబరి, నానిన పెసరపప్పు, దోసకాయ, నిమ్మరసంతో. మొదటిది వెన్న వేసిన రోజుకు, రెండోది మసాలా కూర ఉన్న రోజుకు. కూల్‌డ్రింకులు, పండ్ల రసాలు దీనితో వద్దు, తీపి మీద తీపి.

సంక్రాంతి అయ్యాక అమ్మ ఊరికి బయలుదేరింది. సంచిలో రెండు కిలోల తెల్ల గెనుసుగడ్డలు, పితికిన పప్పు ఒక డబ్బా, నలగ్గొట్టిన కాంగ్రెస్ పొట్లం పెట్టాను. ఊళ్ళో ఓవెన్ లేదు, నీళ్ళపొయ్యి ఉంది. మర్నాడు రాత్రి ఫోన్ చేసింది. నిప్పుల్లో పూడ్చి కాల్చిందట, పితికిపప్పు కూర వేసుకుని రెండు గడ్డలు తినిందట.

"ఈసారి వచ్చేటప్పుడు ఆ నారింజవి తీసకరా మే. గోంగూర ఈడనే ఉండాది," అంది.